అటక మీది పత్రికలు, డాబా మీది తీగె

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత పేపర్లవాడు వీధిలో కేక వేశాడంటే మనలో చాలామందికి చూపు అటక మీదికి పోతుంది. పోయినేడు వారపత్రికలూ, పిల్లల పాత పుస్తకాలూ, పెళ్ళిపిలుపుల కార్డులూ అన్నీ తూకానికి దిగుతాయి. నేనూ అలాగే దింపించాను. కాని దింపినవి మామూలు పత్రికలు కావు. మావారు నలభై ఏళ్ళపాటు కూడబెట్టుకున్న హామ్ రేడియో పత్రికలు. ఎనిమిది కట్టలు. వాటి సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

హామ్ రేడియో అంటే మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇప్పుడు మీరు నా మాట వింటున్నారే, ఇది ఒకవైపు నుంచి మాట్లాడే రేడియో. నేను చెప్పాలి, మీరు వినాలి. హామ్ రేడియో అలా కాదు. అటువైపూ ఇటువైపూ మనుషులే, ఇద్దరూ మాట్లాడతారు. ఇంట్లో ఒక చిన్న ప్రసార యంత్రం, డాబా మీద ఒక తీగె, ప్రభుత్వం వారిచ్చిన లైసెన్సు. ఈ మూడూ ఉంటే చాలు, ఊళ్ళోవాళ్ళతోనే కాదు, జపానులో ఉన్నవాళ్ళతోనైనా మాట్లాడవచ్చు. డబ్బు సంపాదనకు కాదు. కేవలం సరదాకి, నేర్చుకోవడానికి. మన దేశంలో 1921లోనే కలకత్తాలో ఈ వ్యాసంగం మొదలుపెట్టినవారున్నారు.

మావారు విశాఖపట్నం పోర్టులో పనిచేసేవారు. పెళ్ళయిన కొత్తలో నాకు ఆయన యంత్రం కన్నా ఆ పత్రికలే ఎక్కువ వింతగా ఉండేవి. ఒక పత్రిక అట్ట మీద ప్రతినెలా '73' అని ఉండేది. ఇదేమిటి, ఎన్ని నెలలు గడిచినా డెబ్బయి మూడో సంచికేనా అని అడిగాను. ఆయన పడీపడీ నవ్వారు. వాళ్ళ భాషలో 73 అంటే 'శుభాకాంక్షలు' అట. ఉత్తరం చివర మనం 'ఇట్లు' అని రాసినట్టు వాళ్ళు మాట ముగించేటప్పుడు 73 చెప్పుకుంటారు. వాళ్ళ భాషలో ఇంకా చిత్రాలున్నాయి. పెళ్ళికాని ఆడపిల్ల రేడియోలో మాట్లాడితే ఆమె 'వైఎల్'. అంటే యంగ్ లేడీ. పెళ్ళయిందా, 'ఎక్స్‌వైఎల్'. అంటే మాజీ యంగ్ లేడీ అన్నమాట! ఈ మాట మొదటిసారి విన్నరోజున ఆయనకి కాఫీ కాస్త ఆలస్యంగానే అందింది. మగవాళ్ళు మాత్రం ఇరవయ్యేళ్ళప్పుడు కూడా 'ఓఎం', ఓల్డ్‌మేన్ అనే పిలుచుకుంటారు లెండి. అదొక్కటే ఊరట.

ఆ పత్రికలు ఇంటికి ఎలా వచ్చేవో కూడా చెప్పాలి. విదేశీ పత్రికకి చందా కట్టాలంటే అప్పట్లో డాలర్లు దొరికేవి కావు. ఓడల్లో రేడియో ఆఫీసర్లని ఉండేవారు. నడిసముద్రంలో వాళ్ళు చదివి పక్కన పడేసిన పత్రికలు మా ఊరి రేవులో మావారి చేతికి వచ్చేవి. అమెరికాలో జనవరిలో అచ్చయినది మా ఇంటికి శ్రావణమాసంలో చేరేది. అయినా ఆయన దాన్ని పండగబట్టల్లా విప్పేవారు. చదివాక తనలాంటి మరో నలుగురికి పంపేవారు. అది తిరిగొచ్చేసరికి అట్ట చిరిగి, అంచుల్లో నాలుగు రకాల చేతిరాతలు ఉండేవి. ఒకరు "ఈ కెపాసిటరు మన బజార్లో దొరకదు, ఇది వాడండి" అని రాస్తే, ఇంకొకరు "వాడాను, కాలిపోయింది" అని కింద రాసేవారు. ఓడల్లో ఉపగ్రహాల ద్వారా పనిచేసే కొత్త పద్ధతి 1999 ఫిబ్రవరికల్లా పూర్తిగా అమల్లోకి వచ్చింది. క్రమంగా రేడియో ఆఫీసర్ల ఉద్యోగాలే పోయాయి. మా పత్రికల రాక కూడా దానితోనే ఆగింది.

ఇక ఆ పత్రికలు ఏమయ్యాయో వినండి. అన్నిటికన్నా పెద్దది 'క్యూఎస్‌టీ'. అమెరికా హామ్‌ల సంఘం 1915 డిసెంబరులో మొదలుపెట్టింది, ఇప్పటికీ వస్తోంది. కాని 2024 నుంచి అచ్చు ప్రతి కావాలంటే సభ్యులు విడిగా డబ్బు కట్టుకోవాలి. 'సీక్యూ' 1945లో పుట్టి 2023లో ఆగిపోయింది. 'హామ్ రేడియో' అనే పత్రిక 1968 నుంచి 1990 దాకా నడిచింది. మా '73' 1960లో మొదలై 2003లో కన్నుమూసింది. ఇంగ్లండులో 1937 నుంచి వచ్చిన 'షార్ట్‌వేవ్ మేగజైన్' 2005తో సరి. అదే దేశంలో 1932 నాటి 'ప్రాక్టికల్ వైర్‌లెస్' మాత్రం ఇంకా నిలబడి ఉంది. మన 'చందమామ' 1947లో వచ్చి, మనం పెంచిన పిల్లల్ని కూడా పెంచి, 2013 నాటికి ఆగిపోలేదూ? అలాగే అనుకోండి.

ఎందుకిలా జరిగింది? ఇంటర్నెట్టు వచ్చింది, అందుకని అంటారు అందరూ. అది నిజమే కాని మొత్తం నిజం కాదు. నేను ఆ ఎనిమిది కట్టలూ దుమ్ము దులుపుతూ, ఏడాది తర్వాత ఏడాది పేజీలు తిరగేశాను. సర్క్యూట్లు నాకు అర్థం కావు గాని, ఏ పత్రికైనా చివరి పేజీల్లోని ప్రకటనలు చూస్తే దాని ఆరోగ్యం తెలిసిపోతుంది. పాత సంచికల్లో సగానికి సగం ప్రకటనలే. కాయిళ్ళు అమ్మేవాడు, స్ఫటికాలు అమ్మేవాడు, వాల్వులు అమ్మేవాడు. హీత్‌కిట్ అనే అమెరికా కంపెనీ రేడియో విడిభాగాలన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఎలా జోడించాలో పుస్తకం రాసి ఇచ్చేది. ఆ కంపెనీ కిట్ల వ్యాపారం 1992లో మానేసింది. సాంబారుపొడి ఇంట్లో కొట్టుకునే రోజులు పోయి పొట్లం తెచ్చుకునే రోజులు వచ్చినట్టే, హామ్‌లు కూడా తయారైన పెట్టె కొనుక్కోవడం మొదలుపెట్టారు. పొట్లం కొనేవాళ్ళకి ధనియాలవాడితో పనేముంది? ధనియాలవాడు ప్రకటన మానేశాడు. ప్రకటనలు తగ్గితే పత్రిక సన్నబడింది.

ఇంకో తమాషా ఉంది. '73' పెట్టిన వేన్ గ్రీన్ అనే ఆయనే 1975లో 'బైట్' అనే కంప్యూటరు పత్రిక కూడా ప్రారంభించాడు. సోల్డరింగు పొగ పీలుస్తూ రాత్రుళ్ళు మేల్కొనే కుర్రవాళ్ళు ఎక్కడెక్కడున్నారో ఆయనకి బాగా తెలుసు. వాళ్ళలో ఎందరో రేడియో వదిలి కంప్యూటరు పట్టారు. తన తోట మొక్కల్ని తానే పక్క తోటలో నాటుకున్నట్టయింది. తప్పని అనను, కాలం అలాంటిది.

కాని పత్రికలవాళ్ళ తప్పు కూడా ఉందని నా అభిప్రాయం. కొత్తకోడలికి వంట నేర్పేటప్పుడు పెద్దావిడ "తగినంత ఉప్పు వెయ్యి, సరిపడా పులుసు పొయ్యి" అంటుంది. తగినంత అంటే ఎంత? అది తెలిస్తే ఆ పిల్ల అడగదు కదా! రానురాను ఆ పత్రికల్లో రాతలన్నీ తగినంత, సరిపడా పద్ధతిలోకి పోయాయి. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడికి రాసినట్టుంటాయి. పన్నెండేళ్ళ పిల్ల తెరిస్తే మొదటి పేరాలోనే ఆరు పొట్టి అక్షరాల మాటలు తగులుతాయి. ఇక 'క్యూఎస్‌టీ'లో 'సైలెంట్ కీస్' అని ఒక శీర్షిక ఉంది. మోర్సు పంపే మీటను కీ అంటారు. చనిపోయిన హామ్‌ని మూగబోయిన మీట అని గౌరవంగా చెప్పుకుంటారు. మావారు పత్రిక రాగానే ముందు ఆ పేజీ చూసేవారు. కొత్తవాళ్ళ సంగతులకన్నా ఆ పేరిట ఉన్న జాబితాయే ఇంట్లో ఎక్కువ చర్చకు వచ్చేది చివరి ఏళ్ళలో. అమెరికా సంఘం 2020లో కొత్తవారి కోసమే 'ఆన్ ది ఎయిర్' అని విడిగా ఇంకో పత్రిక పెట్టింది. మంచి పనే. ముప్పై ఏళ్ళ ముందు పెట్టాల్సింది.

అమెరికాలో హామ్ లైసెన్సులు ఏడు లక్షలకు పైనే ఉన్నాయి. అంటే మనుషులు లేక పత్రికలు పోలేదు. లైసెన్సు తీసుకుని బీరువాలో పెట్టుకునేవారు వేరు, రాత్రి పదింటికి డాబా ఎక్కి తీగె సరిచేసుకునేవారు వేరు. పత్రిక బతికేది ఆ రెండోవాళ్ళ మీద.

ఇదంతా మగవాళ్ళ సరదా, మనకెందుకు అంటారేమో. నేనూ నలభై ఏళ్ళు అదే అన్నాను. ఆ సరదా విలువ నాకు తెలిసింది 2014 అక్టోబరు 12న. ఆరోజు ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వచ్చిన రోజు.

ఆ గాలి వర్ణించడం నావల్ల కాదు. సాయంత్రానికి కరెంటు లేదు, నీళ్ళు లేవు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. పెరట్లో రెండు కొబ్బరిచెట్లూ పడిపోయాయి. మా అమ్మాయి హైదరాబాదులో ఉండేది. మధ్యాహ్నం నుంచి ఫోను చేస్తూనే ఉంటుందని నాకు తెలుసు. మేమున్నామో లేదో దానికి తెలియదు. దివిసీమ ఉప్పెన, 1977 నాటిది, నాకు గుర్తొచ్చింది. అప్పుడూ తీగెలన్నీ తెగి, అక్కడ ఏం జరిగిందో బయటికి తెలియడానికే ఎంతో సమయం పట్టింది.

సోమవారం తెల్లవారగానే మావారు డాబా ఎక్కారు. ఏరియల్ తెగి పక్కింటి సందులో పడి ఉంది. ఆ ఏరియల్ అంటే మరేం కాదు, ఇరవై మీటర్ల రాగి తీగె. మన చీరలు నాలుగు కొసకు కొస కడితే వచ్చే పొడుగుకన్నా కాస్త తక్కువ. నడిమధ్యన కత్తిరించి, అక్కడినుంచి కేబులు కిందికి దించుతారు. నలభై మీటర్ల బ్యాండు అంటారే, దానికి సరిగ్గా సగం పొడుగు. అదివరకు నేను ఎన్నోసార్లు ఆ తీగె మీద బట్టలు ఆరేసి తిట్లు తిన్నదాన్నే. ఆరోజు మాత్రం నేనే నిచ్చెన పట్టుకున్నాను. ఒక కొస నీళ్ళ టాంకుకి, ఇంకో కొస విరిగిన కొబ్బరి మొద్దుకి కట్టాం. ఇన్వర్టరు బ్యాటరీ విప్పి యంత్రానికి తగిలించారు.

మొదటి పావుగంట గరగరలు. తర్వాత హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన గొంతు. "ఓల్డ్‌మేన్, బతికే ఉన్నావా!" అన్నారు. మావారు మా అమ్మాయి నెంబరు చెప్పారు. "ఇద్దరం క్షేమం. ఇల్లు నిలిచింది. చెట్లు పోయాయి." అంతే సందేశం. ఆయన అక్కడినుంచి ఫోను చేసి, మళ్ళీ యంత్రం దగ్గరికి వచ్చి, "మీ అమ్మాయి ఏడుస్తోందయ్యా, సంతోషంతోనేలే" అని చెప్పారు. నేను గుమ్మంలో కూర్చుండిపోయాను.

ఈ సంగతి ఎలా పొక్కిందో, గంటలో వీధిలో జనమంతా మా వరండాలో ఉన్నారు. చిన్న చిన్న కాగితం ముక్కల మీద పేర్లు, ఫోన్ నెంబర్లు. మా అబ్బాయి బెంగుళూరులో, మా చెల్లెలు తణుకులో, మావారు దుబాయిలో. నేను ఆ చీటీలు వరసగా పెట్టి అందిస్తుంటే మావారు చదివారు. బ్యాటరీ అయిపోయేదాకా చదివారు. ఆ రోజున నేను ఆయన పత్రికల్ని మనసులో క్షమించేశాను.

దేశం చూసిన పెద్ద ఉదాహరణ 2004 నాటిది. హైదరాబాదులోని హామ్ రేడియో జాతీయ సంస్థ అండమానుకి ఒక బృందాన్ని పంపింది. అక్కడినుంచి హామ్‌లు మాట్లాడటం 1987 తర్వాత అదే మొదటిసారి. ఆ బృందానికి నాయకురాలు ఒక మహిళ, భారతీ ప్రసాద్‌గారు. ప్రపంచమంతా ఆమె గొంతు కోసం వరసలో నిలబడి ఉన్న రోజుల్లో, డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. సునామీ వచ్చింది. సరదాకి పెట్టిన ఆ స్టేషనే క్షణంలో సహాయ కేంద్రమయింది. పోర్టుబ్లెయిరు నుంచి ఎవరు క్షేమమో, ఎవరి జాడ తెలియదో బయటి ఊళ్ళలోని బంధువులకి ఆ తీగె ద్వారానే చేరింది. మాజీ యంగ్ లేడీలు ఏం చేయగలరో అప్పుడు తెలిసింది లోకానికి!

సరే, మళ్ళీ నా అటక దగ్గరికి వస్తాను. 2019లో మావారు పోయారు. మర్నాడు నేను విశాఖ ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో అమ్మాయి ఇంటికి చేరాను. మర్నాడంటే మరుసటి ఏడాది అన్నమాట, 2020 ఫిబ్రవరి. ఎనిమిది కట్టలూ లారీలో నాతో వచ్చాయి. అపార్టుమెంటులో వాటికి చోటేదీ? మావారి స్నేహితులకి ఫోను చేస్తే, "మాకూ అటక నిండా అవేనమ్మా, మా పిల్లలు ఎప్పుడు పారేద్దామా అని చూస్తున్నారు" అన్నారు. పైగా '73' పాత సంచికలన్నీ కంప్యూటరులో ఎవరైనా చూసుకోవచ్చునట. హుద్‌హుద్ రోజున పలికిన పెద్దాయనకి కూడా ఫోను చేశాను. ఆయన కోడలు ఎత్తింది. ఆయనా వెళ్ళిపోయారు.

అంతలో లాక్‌డౌను. నా మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడి లేదు, ఆట లేదు, రోజంతా ఫోను పట్టుకుని కూర్చునేది. నేను దాన్ని కూర్చోబెట్టి తాతగారి గొప్పలు చెప్పాను. పత్రికలు చూపించాను. ఆవలించింది. ఇది మీరు గమనించాలి. పెద్దవాళ్ళం మనం "మా రోజుల్లో" అని మొదలుపెడితే ఏ పిల్లైనా ఆవలిస్తుంది. హామ్ సంఘాలవారు బళ్ళకి వెళ్ళి గంటసేపు చరిత్ర చెబుతారు. పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

దాన్ని పట్టుకున్నది ఇంకొకటి. తాతగారి సామాన్ల డబ్బాలో ఒక చిన్న డయోడు, చెవిలో పెట్టుకునే పాత ఇయర్‌ఫోను, తిప్పితే రేకులు కదిలే గాంగ్ కండెన్సరు దొరికాయి. ఒక పాత సంచికలో మావారే పెన్సిలుతో గుండ్రం చుట్టిన బొమ్మ ఉంది. అట్టగొట్టానికి ఎనామిల్ తీగె చుట్టాలి. ఎన్ని చుట్లో నేను లెక్కపెట్టాను, అది చుట్టింది. రెండుసార్లు జారిపోయింది, ఏడ్చింది, మళ్ళీ చుట్టింది. డాబా మీద ఒక తీగె కట్టి, రెండో తీగెను నీళ్ళ టాంకు ఇనప గొట్టానికి తగిలించాం. రేకులు తిప్పుతుంటే హఠాత్తుగా దాని మొహం మారిపోయింది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం!

"అమ్మమ్మా, దీనికి బ్యాటరీ ఎక్కడ?"

"లేదు."

"ఛార్జింగు?"

"లేదు."

"మరి ఎలా మాట్లాడుతోంది?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు పూర్తిగా తెలియదు. గాలిలో వచ్చే తరంగంలోనే ఆ కాస్త శక్తీ ఉంటుందని మావారు చెప్పిన ఒక్క ముక్క చెప్పాను. మిగతాది నువ్వే చదువుకో అని పత్రిక చేతికిచ్చాను. ఈసారి ఆవలించలేదు. ముందు ప్రశ్న పుట్టాలి, తర్వాతే పత్రిక. మనం ఎప్పుడూ తిరగేసి చేస్తాం.

ఆ తర్వాత దానికి ఎన్నో దొరికాయి. దాచిపెట్టిన చిన్న ట్రాన్స్‌మిటరును చేతి ఏరియల్‌తో వెతికి పట్టుకునే ఆట ఒకటుంది, నక్కవేట అంటారు. మన దొంగాట లాంటిదే. స్కౌట్లు, గైడ్లు ఏటా అక్టోబరులో హామ్ రేడియో మీద ప్రపంచమంతా కలుసుకునే జాంబూరీ ఉంది. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే హామ్‌ల కోసం 'హామ్‌సాట్' అనే ఉపగ్రహం ఎగిరింది. బరువు 42.5 కిలోలు, అంటే ఒక పన్నెండు పదమూడేళ్ళ పిల్లంత. ఇక 2025 జూలై 4న శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియో ద్వారానే బెంగుళూరులో ఉన్న విద్యార్థులతో మాట్లాడారు. అంతరిక్ష కేంద్రం మన నెత్తిమీద నుంచి దాటిపోయేది సుమారు పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లోనే అడగాల్సింది అడగాలి. ఆ వార్త చూసిన రాత్రి మా పిల్ల అన్నం సరిగ్గా తినలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లో పిల్లాడో ఉంటే రెండు మాటలు. మన దేశంలో పన్నెండేళ్ళ వయసు నుంచే పరీక్ష రాయవచ్చు. రెండు తరగతులున్నాయి. చిన్న తరగతికి మోర్సు రానక్కర్లేదు. కాని లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. బజార్లో చవగ్గా దొరుకుతున్నాయి కదా అని వాకీటాకీలు కొని పిల్లలకి ఇవ్వకండి. ఇంకొకటి, సోల్డరింగు కడ్డీ చేతికి తగిలి చిన్న బొబ్బ లేస్తే కంగారుపడి అన్నీ దాచెయ్యకండి. దోసె వేస్తూ మనకి ఎన్ని బొబ్బలు లేవలేదు?

ఎనిమిది కట్టల్లో అయిదు చివరికి తూకానికే వేశాను. అబద్ధమెందుకు చెప్పాలి? మూడు ఉంచాను. అంచుల్లో చేతిరాతలు ఉన్నవి ఆ మూడే. కంప్యూటరులో ఉన్నవాటికి ఆ చేతిరాతలు లేవు.

అపార్టుమెంటు సంఘంవారు డాబా మీద తీగె చూసి మొదట ఒప్పుకోలేదు. పిడుగు పడుతుందన్నారు, టీవీ చెడుతుందన్నారు. మా పిల్లే మీటింగుకి వెళ్ళి, ఉరుములప్పుడు తీగె విప్పేస్తానని రాసి సంతకం పెట్టి వచ్చింది. మోర్సు కూడా నేర్చుకుంటోంది. నేర్పేది నేనే! నలభై ఏళ్ళు వంటింట్లోంచి విన్నాను కదా, డాడిడాడిట్, డాడాడిడా. 'ఎవరైనా ఉన్నారా' అని పిలిచే పిలుపు అది. పాఠం మధ్యలో తప్పుచేస్తే చారు గరిటెతో గిన్నె మీద కొట్టి చూపిస్తాను.

నిరుడు అది పరీక్ష ప్యాసయింది. లైసెన్సు కాగితం కోసం ఎదురుచూస్తోంది. మొన్న డాబా మీద నా చీర ఆరేసి వచ్చాను. కిందికి దిగకముందే పైనుంచి కేక. "అమ్మమ్మా, అది దండెం కాదు!" అని. అచ్చం తాతగారి గొంతే. వెళ్ళి తీసేశాను.

నమస్కారం. 73.